పట్టాల కింద నుంచి వచ్చిన గడప

భిలాయిలో నేను పుట్టి పెరిగిన క్వార్టరుకి గడప లేదు. ఇనప ఫ్రేము, దానికో తలుపు, కింద గచ్చు. దేశం నలుమూలల నుంచి పనుల్లోకి వచ్చే జనం కోసం ఒకే నమూనాలో వరసలు వరసలుగా కట్టుకుంటూ పోయినవాళ్ళకి ఎవరి గడప గురించి ఆలోచించే తీరిక ఉంటుంది? విజయనగరం వైపు నుంచి కొత్త పెళ్ళికూతురుగా వచ్చిన మా అమ్మే ఆ తీరిక చేసుకుంది. తలుపు కింద గచ్చు మీద బెత్తెడు వెడల్పు చోటు చూసుకుని, ప్రతి శుక్రవారం పొద్దున్నే దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఇదే గడప అనుకోమంది.

అనుకోవడం మా వల్ల కాలేదు. ఎత్తు లేనిదాన్ని దాటడం కాలికి గుర్తుండదు. నాన్న డ్యూటీ బూట్లు, నా చెప్పులు, వరండాలోంచి లోపలికి తోసే సైకిలు, అన్నీ దాని మీదుగానే. మధ్యాహ్నానికి పసుపు ఇల్లంతా ఉండేది, ఉండాల్సిన చోట తప్ప.

"దాటమంటే తొక్కుతారేటి? మన ఇల్లు కట్టుకున్నాక మంచి కర్ర గడప ఏయిస్తాను. అప్పుడు తొక్కండి, బొటనేలు పగిలిపోద్ది," అనేది అమ్మ. నా చిన్నప్పట్నుంచీ ప్రతి శుక్రవారం విన్నమాట ఇది. మా ఇంట్లో సొంతిల్లు అంటే గదులు, డాబా కావు. గడప.

నాన్న స్టీలు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ఫోర్‌మన్. రిటైరవగానే క్వార్టరు ఖాళీ చెయ్యాలి కాబట్టి తొంభైల మధ్యలో, నేను కాలేజీకి వెళ్తున్న రోజుల్లో, రుఆబాంధా అవతల కొన్న చిన్న స్థలంలో ఇల్లు మొదలుపెట్టారు. ఆయనకి ఈ విషయంలో ఒక పంతం ఉండేది. పర్యావరణం అన్న మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. అది నా పాఠ్యపుస్తకంలోని మాట. ఆయన మాట వేరు. "ఇన్నాళ్ళూ మండించడవే నా ఉద్యోగం. నా ఇంటి కోసం కొత్తగా ఏదీ మండించకూడదు, ఏదీ నరక్కూడదు," అనేవారు. దుర్గు వెళ్ళే దారిలో ఇటుక బట్టీల కోసం పైమట్టంతా తవ్వేసిన పొలాలు గోతులై కనిపించేవి. బస్సు కిటికీలోంచి వాటిని చూస్తున్నంతసేపూ ఆయన ముఖం ముడుచుకునే ఉండేది, ఎవరో తన పొలమే తవ్వినట్టు. నిజానికి ఆయనకి పొలం లేదు.

అందుకని సిమెంటు, ఫర్నేసులో కరిగిన ఇనుము మీద తేలే తెట్టుతో చేసినది తెచ్చారు. ఇటుకలు హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న యూనిట్లో బొగ్గు బూడిదతో అచ్చు వేసినవి. వాటిని కాల్చరు, నీళ్ళతో తడిపి గట్టిపరుస్తారు. ఎర్రగా ఉండాల్సిన గోడ బూడిద రంగులో లేస్తుంటే చుట్టుపక్కలవాళ్ళు ఆగి మరీ చూసేవారు.

"బూడిదతో ఇల్లేటండీ? పాలు పొంగించకముందే బూడిదైపోనాదా మనిల్లు?" అంది అమ్మ.

నాన్న ఒక ఇటుక తెచ్చి పెరట్లో కుండీ కింద పెట్టారు. వానాకాలమంతా అది నీళ్ళలో నానింది, అంచు కూడా విరగలేదు. అమ్మ ఆ ఇటుకని కాలితో తట్టి చూసి, ఒప్పుకున్నానని చెప్పకుండా ఒప్పుకుంది. "గోడలు మీ ఇష్టం. గడప నాది," అంది.

ఆ మాట నాన్న విన్నారో, విని మరిచిపోయారో. ఆ రోజుల్లో రైల్వేవాళ్ళు పట్టాల కింద అడ్డంగా పరిచే చెక్క దుంగలు తీసేసి సిమెంటువి వేస్తున్నారు. తీసేసిన స్లీపర్లు వేలంలో కొన్నవాడి దగ్గర నుంచి నాన్న కొన్ని తెచ్చారు. అన్నీ సాలు కర్ర, మన గుగ్గిలం చెట్టుది. కిటికీలకి, తలుపు కమ్ములకి మామూలువి. ఒక్కదాన్ని మాత్రం విడిగా, రిక్షా మీద పడుకోబెట్టి, పక్కన నడుచుకుంటూ మా క్వార్టరుకి తీసుకొచ్చారు. నల్లగా, జిడ్డుగా, రెండు చివరలా మేకులు దిగిన బొక్కలతో ఉంది. పెరట్లో దింపించి, "ఇదిగో నీ గడప," అన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అరుదుగా చూశాను.

అమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. భక్తితో కాదు.

"ఇది రైలు పట్టాల కిందదేనా?"

"అవును. చూడు, ఇన్నేళ్ళు ఎండకీ వానకీ..."

"రైల్లో లెట్రిన్ ఎక్కడికి పోద్దండీ?"

నాన్న దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. ఆ ప్రశ్న వస్తుందని ఆయనకి తెలుసు కాబట్టే చరోదా యార్డుది వెతికి మరీ తెచ్చారు. "ఇది గూడ్సు యార్డుదే. దీని మీద బొగ్గూ ఇనప రాయీ తప్ప పాసింజరు బండి నడవలేదు."

"గూడ్సు బండికి గార్డుండడా?" అంది అమ్మ. "ఆడికి కడుపు నొప్పి రాదా?"

నేను నవ్వాపుకోలేక లోపలికి పోయాను. కానీ అది నవ్వులాట కాదని ఆ సాయంత్రానికే తెలిసింది. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. నాన్నకి ఆ దుంగలో కనిపించేది ఒకటి: అంత బరువు మోసి కూడా చెక్కుచెదరని కర్ర ఉండగా ఇంకో చెట్టు ఎందుకు పడాలి? అమ్మకి కనిపించేది ఇంకొకటి: జన్మంతా ఎదురుచూసిన గడప, ఎవరో వాడి పారేసినది ఎందుకు కావాలి? నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఇద్దరిదీ న్యాయమే అయినప్పుడు వచ్చే కోపం అది, ఎవరి మీద చూపించాలో తెలీదు.

శుక్రవారం నాడు అమ్మే ఒక మెట్టు దిగింది. "పసుపు రాసి చూస్తాను. పడితే పడింది," అంది. నాన్న ఒక పక్క చిత్రిక పట్టి నున్నగా చేసి ఇచ్చారు. అమ్మ స్నానం చేసి వచ్చి, చిక్కగా తడిపిన పసుపు ఆ చెక్కకి అద్దింది. ఎండెక్కేసరికి లోపల ఇంకిన బళ్ళ నూనె పైకి ఊరింది. పసుపు ముద్ద సైకిలు చైను తుడిచిన గుడ్డలా తయారైంది. అమ్మ సాధించినట్టు నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "చూశారు కదా," అంది, అంతే. గొంతులో దిగులు తప్ప గెలుపు లేదు.

 ఆ వారమే నాన్న కలప డిపోకి వెళ్ళి కొత్త సాలు చెక్క తెచ్చి వడ్రంగికి అప్పజెప్పారు. ఎర్రగా, తడి వాసనతో ఉంది. మొన్నమొన్నటిదాకా అడవిలో నిలబడిన చెట్టని చూస్తేనే తెలుస్తోంది. నాన్న దాని మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశారు. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది. ఇంటి మొత్తంలో ఆయన పంతం తప్పింది ఆ ఒక్క చోటే, అదీ వాకిట్లోనే.

వద్దన్న స్లీపరు పెరట్లోనే ఉండిపోయింది. దాన్ని మోసుకెళ్ళేవాళ్ళు లేరు, మోయించే ఓపిక నాన్నకి లేదు. ఎత్తు పీటంతే అయినా కూర్చోవడానికి సరిగ్గా సరిపోయేది. అమ్మ దాని మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసేది. పక్క క్వార్టరు ఒరియా ఆంటీ వస్తే ఆవిడకి సగం వదిలి జరిగేది. నేను దాని మీదే కూర్చుని పరీక్షలకి చదివాను. ఒక చివర కుళాయికి దగ్గర. అంట్లు తోమేది అక్కడే. మాకు సిగ్డీ అనే బొగ్గుల కుంపటి ఉండేది, దాని బూడిదే తోముడు పొడి. నూనె మూకుళ్ళు, పాల గిన్నెలు తోమి ఆ చెక్క మీద బోర్లిస్తే బూడిద నీళ్ళన్నీ దాని మీదుగా కారేవి. రోజూ అదే. ఎవరమూ దాన్ని పట్టించుకోలేదు.

మే నెల వచ్చింది. సింహద్వారం నిలబెట్టే ముహూర్తం దగ్గర పడింది. ఒక పొద్దున వడ్రంగి ఇంటికొచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా నిలబడ్డాడు. "భాభీజీ, లకడీ కచ్చీ థీ," అన్నాడు నేల చూస్తూ. చెక్క పచ్చిది. మేము వెళ్ళి చూస్తే కొత్త గడప ఈ చివర నుంచి ఆ చివరకి బీట తీసి ఉంది. లప్పం పెట్టి పూడ్చి రంగు వేస్తే తెలియదన్నాడు. అమ్మ ఆ బీట మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది. "పగిలిన గడప పెట్టుకోలేను," అంది.  స్లీపరు సంగతి నాన్న ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆ పూట అమ్మ ఏడ్చేదనుకుంటాను.

తర్వాతి శుక్రవారం అమ్మ గచ్చు గడపకి పసుపు రాసి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు రాలేదు. చేతికంటిన పసుపుని పక్కనున్న స్లీపరుకి తుడిచేసి వచ్చేసింది. నాలుగు వేళ్ళ చారలు. ఎండ మండిపోతోంది, నూనె ఊరాలి. సాయంత్రం నేను చదువుకోడానికి వెళ్ళేసరికి ఆ నాలుగు చారలూ అలాగే ఉన్నాయి, పచ్చగా.  అమ్మ ముందే చూసిందని నాకు తెలియదు.

మర్నాడు సాయంత్రం నేను ఎప్పట్లా స్లీపరు మీద కూర్చుని పుస్తకం తెరిచాను. అమ్మ చేటలో తోటకూర పట్టుకుని వచ్చింది. నేను జరిగి చోటిచ్చాను. ఆమె కూర్చోలేదు. చేట పట్టుకుని నిలబడి చూసింది. తర్వాత పక్కన మట్టిలో చతికిలబడింది.

"అదేంటి, కింద కూర్చున్నావ్?"

"నువ్వూ లే."

"ఎందుకు?"

"గడప మీద కూకోకూడదు," అంది అమ్మ, తోటకూర కాడ తుంచుతూ.

నేను లేచాను. వరండాలో పేపరు చదువుతున్న నాన్న కూడా ఆ మాట విన్నారు. పేపరు దించలేదు. కానీ చాలాసేపు పేజీ తిప్పలేదు.

ఆదివారం అంతా వాళ్ళిద్దరూ పెరట్లోనే ఉన్నారు. నాన్న చిత్రిక పడుతుంటే నల్ల పొరల కింద నుంచి ముదురు ఎరుపు కర్ర బయటపడింది. అమ్మ కొంగు దోపుకుని, సిగ్డీ బూడిద తడిపి దుంగ మొత్తానికి మెత్తి, ఎండబెట్టి, గీరేసి, మళ్ళీ మెత్తింది. బూడిద నూనెని పీల్చుకుంటుందని ఏ ఇంజినీరూ ఆమెకి చెప్పక్కర్లేదు, మూకుడు తోమిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. స్లీపరు తెచ్చిన రోజు మాత్రం అది తోచలేదు. అప్పుడామె కడగాలనుకోలేదు, తిప్పి పంపాలనుకుంది. కావాలనుకున్న వస్తువుకే మనం మురికి వదిలించే దారి వెతుకుతాం. వద్దనుకున్నదాన్ని మురికనే అంటాం.

"ఇల్లు బూడిదతో కడుతున్నానని నన్నన్నావు," అన్నారు నాన్న.

"బూడిదని బూడిదే అంటారు మరి," అంది అమ్మ. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

ముహూర్తానికి అదే గడప పెట్టారు. మేకుల బొక్కలు పూడుస్తానంటే అమ్మ వడ్రంగిని వద్దంది. రెండు చివరలా ఆ బొక్కల మీదే కుంకుమ బొట్లు పెట్టింది, అవి అందుకోసమే తొలిచినట్టు సరిపోయాయి. చూడ్డానికొచ్చినవాళ్ళలో ఒకావిడ, ఇది రైలు చెక్కలా ఉందే అని ముక్కు చిట్లిస్తే, నాన్న నోరు తెరిచేలోగా అమ్మే అందుకుంది. "గూడ్సు యార్డుదండీ. పాసింజరు బండన్నది దీని మీద నడవలేదు." గార్డు సంగతి ఆవిడకి చెప్పలేదు.

క్వార్టరు ఖాళీ చేసి ఆ ఇంట్లోకి వెళ్ళిన తర్వాత వచ్చిన మొదటి శుక్రవారం నేను కాలేజీ నుంచి సాయంత్రం వచ్చాను. అలవాటు కొద్దీ చూసుకోకుండా లోపలికి అడుగేస్తే బొటనవేలు ఠక్కున తగిలింది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కాలు పట్టుకుని గోడకి ఆనుకున్నాను. లోపల దీపం పెడుతున్న అమ్మ చప్పుడు విని వచ్చింది. నా వేలు చూస్తుందనుకున్నాను. ఆమె వంగి గడప చూసింది.

పొద్దున్న రాసిన పసుపు అంచు నుంచి అంచుదాకా అలాగే ఉంది.

"సాయంత్రం దాకా ఉంది," అంది అమ్మ. వంటింట్లో ఉన్న నాన్నకి వినిపించేలా ఇంకోసారి అంది. "ఏవండీ, సాయంత్రం దాకా ఉందండీ."