నేను రాసిన చీటీ, ఆయన ఇచ్చిన మోటారు

మెకానిక్కు నీళ్ళ మోటారు మూత విప్పి, లోపలి తీగను స్క్రూడ్రైవరు మొనతో గీకాడు. గీకినచోట తెల్లగా మెరిసింది.

"ఇది కాపర్ కాదమ్మా. అల్యూమినియం. పైన రంగు పూత, అంతే."

"నేను కాపర్ అని రాసి ఇచ్చినాను."

"మీరు రాసింది మోటారుకి తెల్దు కదమ్మా. మన పక్క కరెంటు ఎట్ల వస్తాదో మీకు తెల్సు. తగ్గుతాది, పెరుగుతాది. రాగి అయితే ఓర్చుకుంటాది. ఇది ఓర్చుకోలేక కాలిపోయింది. ఈడ వదిలిపోండి, రెండు దినాల్లో రాగి చుట్టి ఇస్తాను."

వద్దన్నాను. కాలిన తీగ కాలినట్టే అమ్మినవాడికి చూపించాలి. మోటారును గోనెసంచిలో కట్టించుకుని హోసూరు బస్సెక్కాను.

తమిళనాడులో, కెలమంగలం దగ్గర నాకున్నది అర ఎకరం మల్బరీ తోట, దాని పక్కన రేకుల కప్పు వేసిన పట్టుపురుగుల ఇల్లు. ఒకప్పుడు మా తాతగారికి ఎంత భూమి ఉండేదో ఇప్పుడు ఎవరూ అడగరు, నేనూ చెప్పను. అదంతా పోయాక నాకు మిగిలినవి ఆ అర ఎకరం, వీపు నిటారుగా పెట్టి నడిచే అలవాటు, పాతవాళ్ళు కొందరు ఇంకా వదలని "అమ్మణ్ణి" అనే పిలుపు.

ఇంకొకటి కూడా మిగిలింది. అదే ఈ గొడవకు మూలం. మా ఇంట్లో ఎవరూ అంగడికి పోయి ఇది కావాలి అది కావాలి అని నోరు తెరిచి అడిగేవారు కాదు. చీటీ రాసి పంపేవారు. చీటీ పట్టుకుని మనిషి వెళ్ళేవాడు, సరుకు వచ్చేది. పెట్టె అంగడిలో విప్పి చూడటం అంగడివాణ్ణి అనుమానించడం. బిల్లు అడగడం అంతకన్నా తక్కువ పని. చీటీ మోసే మనిషి మా ఇంటినుంచి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. అయినా నేను చీటీ మానలేదు. నా చీటీ నేనే రాసుకుని, నేనే మోసుకెళ్ళి, అంగడి బల్లమీద పెట్టి, రోడ్డువైపు తిరిగి నిలబడేదాన్ని. నవ్వొచ్చే సంగతే. అప్పట్లో నాకు నవ్వు రాలేదు.

మోటారు కొన్నదీ అలాగే. ఒకటిన్నర హెచ్‌పీ, కాపర్ వైండింగ్ అని నా గుండ్రటి తెలుగు అక్షరాలతో రాసి పెట్టాను. అంగడాయన చీటీ చూశాడు, ఇనుప కమ్మికి గుచ్చాడు, పెట్టె తెచ్చి ఆటోలో పెట్టించాడు. చెప్పిన ధర కట్టి వచ్చాను. అది మూడు నెలలు ఆడింది. ఎండలు ముదిరి, పురుగులు నాలుగోసారి పొర విడిచి, రాత్రీ పగలూ ఆకు నమిలే పెద్ద మేతకు వచ్చిన వారంలోనే కాలిపోయింది.

హోసూరు అంగడిలో గోనెసంచి బల్లమీద పెట్టించి, "నేను అడిగింది ఇది కాదు," అన్నాను.

"మీరు అడిగిందే ఇచ్చినాను అమ్మణ్ణీ."

"కాపర్ అని చీటీలో రాసినాను."

ఆయన కళ్ళు ఒక్కసారి కమ్మివైపు పోయి తిరిగివచ్చాయి. "బిల్లు ఉందా?"

లేదు. ఉండదని ఆయనకూ తెలుసు. అంగడిలో నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళకు వినపడేలా ఆయన గొంతు పెంచాడు.

"మా నాయన వీళ్ళింట్లో బండి తోలినాడప్పా. వీళ్ళ అన్నం తిన్న ఒళ్ళు ఇది." లోపలికి పోయి తనే ఒక కొత్త పెట్టె మోసుకొచ్చాడు. "తీసుకుపోండి అమ్మణ్ణీ. ఊరికే ఇస్తా ఉన్నాను. బిల్లూ వద్దు, డబ్బూ వద్దు. మీకు ఇయ్యకపోతే ఇంకెవరికి ఇస్తాను?"

"పెద్ద మనసప్పా నీది," అన్నాడు పైపులు కొనడానికి వచ్చినాయన.

నా చెవులు వేడెక్కాయి. "నేను దానానికి రాలేదప్పా. డబ్బు కట్టి కొన్నాను. అడిగింది ఒకటి, నువ్వు ఇచ్చింది ఒకటి. తప్పు వస్తువు ఇచ్చినానని ఒప్పుకొని మార్చి ఇయ్యి, తీసుకుంటాను."

"తప్పు అనే మాట ఎందుకు అమ్మణ్ణీ? ఇస్తా ఉన్నాను కదా."

"నాకు ఆ మాటే కావాల."

ఆయన ఆ మాట అనలేదు. నేను పెట్టె ముట్టుకోలేదు. కాలిన మోటారు సంచితోనే తిరిగి బస్సెక్కాను.

పురుగుల ఇంట్లో నాతో పని చేసే ఆమె కూలిమనిషి కాదు, పంటలో సగం ఆమెది. వయసులో నాకన్నా చిన్నది, మాటలో పెద్దది. జరిగింది చెప్పేసరికి ఆకు కోసే కత్తి కింద పెట్టింది.

"ఊరికే ఇస్తే వద్దని వచ్చినారా?"

"ఊరికే ఇచ్చేది నాకు వద్దు."

"అయితే మీ పరువు ఇట్ల తెండి. సన్నంగా తరిగి తట్టల్లో వేస్తాను. తింటాయేమో చూద్దాం."

పురుగులు ఆకు తింటున్న చప్పుడు సన్నవాన పడుతున్నట్టు వినిపిస్తోంది. తోటకు నీళ్ళు లేకపోతే ఇంకో వారానికి సరిపోయే ఆకు ఉండదని ఇద్దరికీ తెలుసు.

"పక్క తోటాయన్ని అడిగితే రోజూ ఒక గంట నీళ్ళు వదుల్తాడు," అంది. "నేను పోను. నేను ఏం తప్పు చేసినానని పోయేది? మీరే పోండి."

ఆ సాయంత్రం గట్టుమీద నిలబడి, జీవితంలో మొదటిసారి, ఒక మనిషిని నోరు తెరిచి సాయం అడిగాను. ఆయన రెండో మాట లేకుండా ఒప్పుకున్నాడు. కాకపోతే ఆయన పైపు మా తోట కింది సగం దాకానే అందింది.

మర్నాడు కృష్ణగిరి వెళ్ళాను. వినియోగదారుల కమిషన్ ఆఫీసు ఎక్కడో అడిగి తెలుసుకోవడానికి పొద్దు సగం పోయింది. అక్కడ బల్ల దగ్గరున్న ఆమె ముందు తమిళంలో మొదలుపెట్టి, నా మాట విని, "తెలుగా అమ్మా మీరు? మాదీ తెలుగే," అంది. ఆమెకు అంతా చెప్పాను. పురుగులు మేపి అమ్ముకునేదాన్ని, నన్ను వినియోగదారు అంటారా అని అడిగాను. బతుకుతెరువు కోసం సొంతంగా వాడుకునే వస్తువైతే అంటారని చెప్పింది.

"బిల్లు?"

"అడగలేదు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు."

ఆమె నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. "బిల్లు ఇయ్యకపోవడం అంగడోళ్ళ తప్పు అమ్మా. చట్టం అట్లే చెప్తాది. అడగకపోవడం మీ అలవాటు. రెండూ వేరే వేరే. బిల్లు లేదని మీ హక్కు యాడికీ పోదు. కానీ కొన్నట్టు ఏదో ఒకటి చూపించల్ల."

"చీటీ ఉంది. ఆయన కమ్మికి గుచ్చి ఉంది."

"ఆయన దగ్గరుండే కాగితం మీకు సాక్ష్యమా?" అని నవ్వింది. "మెకానిక్కు చూసినాడు కదా, ఆయనతో రాయించుకోండి. ముందు అంగడాయనకి నోటీసు పంపండి, రిజిస్టర్ పోస్టులో. ఏం కొన్నారో, ఏం ఇచ్చినాడో, ఏం కావాల్నో రాసి గడువు పెట్టండి. వినకపోతే రండి. ఫిర్యాదు మీరే ఇయ్యొచ్చు, లాయరు లేకుండా."

నోటీసు తమిళంలో ఉంటే మేలంది. నేను చదివింది తెలుగు బడిలో. మాట్లాడటం బాగా వచ్చినా, తమిళం చదవడం నాకు బస్సు బోర్డుల మట్టుకే వచ్చు. బయట టైపు చేసే ఆయనకు చెప్పి రాయించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని మొత్తం చదివి, అప్పుడు సంతకం పెట్టాను. ఆయన రెండుసార్లు గడియారం చూశాడు. చూడనీ అనుకున్నాను. విప్పి చూడకుండా ఒక పెట్టె తెచ్చుకున్నది చాలు.

తోటలో కింది సగం పచ్చగా నిలిచింది. పై సగం వాడి, ఆకు అంచులు చుట్టుకుపోయాయి. ఉన్న ఆకే సర్ది సర్ది వేశాం. పురుగులను గూళ్ళు కట్టడానికి వేసిన రోజునే అంగడాయన బండిమీద వచ్చాడు. ఒక చేతిలో నా నోటీసు, ఇంకో చేతిలో నా చీటీ. చీటీకి నడుమ కమ్మి దిగిన బొక్క.

"కోర్టు దాకా పోతారా అమ్మణ్ణీ?"

"పోతాను. చీటీలో ఏముందో చదువు."

ఆయన చదవలేదు. సగంపాలు ఆమె కూడా వచ్చి గడపలో నిలబడింది. "చదువప్పా, అడుగుతా ఉన్నారు కదా," అంది.

"నాకు తెలుగు చదవను రాదు," అన్నాడు ఆయన నేలకేసి చూస్తూ. "ఇంట్లో మాట్లాడేది తెలుగే. బళ్ళో చదివింది తమిళం. నంబరు ఒకటి తెలిసింది, ఒకటిన్నర. జాస్తి మంది ఏది కొంటారో అది ఇచ్చినాను."

"అడగకూడదా?"

"ఎట్ల అడిగేది? చీటీ బల్లమీద పెట్టి మీరు అట్ల తిరిగి నిలబడతారు. మా నాయనైతే చేతులు కట్టుకొని, ఏంది తల్లీ ఇది అని అడిగేవాడు. నేను అంగడి పెట్టినోణ్ణి. మీ ముందర చదవను రాదని చెప్పేకి నాకు నోరు రాలేదు. పారేసేకి కూడా చెయ్యి రాలేదు, మీ చేతిరాత కదా అని."

నా కోపం తగ్గలేదు. కానీ చీటీ బల్లమీద పెట్టి తిరిగి నిలబడిన నా వీపు నాకే కనిపించింది. అయినా అన్నాను: "సిగ్గు నీది. ఎండిపోయింది నా తోట."

"ఇద్దరి సిగ్గూ కలిసి నా సగంపాలు ఎండబెట్టినాయి," అంది ఆమె. "దానికి ఎవరు నోటీసు ఇస్తారు?"

ఆయన వాడిపోయిన పై సగంవైపు చూశాడు.

నావైపు తిరిగి అడిగాడు. "నోటీసు వాపసు తీసుకోవాలంటే ఏం చెయ్యల్ల?"

"రాగి మోటారు ఇయ్యి. ధర ఎక్కువైతే ఆ తేడా నేను కడతాను. బిల్లు రాయి. ఎందుకు మార్చినావో దాంట్లో రాయి. ఎండిన పై సగం ఆకుకు బదులు ఆకు కొని ఈమెకు ఇయ్యి, వచ్చే మేతకు. నాకు వద్దు, ఈమెకు."

"రాసి ఇస్తాను," అన్నాడు.

మర్నాడు అంగడికి చీటీ లేకుండా వెళ్ళాను. బల్లకు ఎదురుగా నిలబడ్డాను. ఆ రోజూ జనం ఉన్నారు.

"ఒకటిన్నర హెచ్‌పీ మోటారు. కాపర్ వైండింగ్. పెట్టె విప్పి చూపించు."

అవసరమైనదానికన్నా గొంతు పెద్దదయిందేమో, అందరూ తిరిగి చూశారు. ఆయన పెట్టె విప్పి, తీగ కొసను బ్లేడుతో గీకాడు. ఎర్రగా మెరిసింది. తరవాత బిల్లు తమిళంలో రాస్తూ, రాసింది రాసినట్టు నాకు తెలుగులో చెప్పాడు. చివరి వరుస దగ్గర గొంతు తగ్గించాడు.

"గట్టిగా చదువప్పా."

"ముందు ఇచ్చింది అడిగిన వస్తువు కాదు, తప్పు మాదే, అందుకే మార్చి ఇస్తా ఉన్నాము," అని చదివాడు. చదివి నా ముఖం చూశాడు. నేను తల ఊపి, తేడా డబ్బు కట్టి, రసీదులో అదీ, ఆమెకు ఇవ్వాల్సిన ఆకు మాటా రాయించుకున్నాను. చీటీ కూడా అడిగి తెచ్చుకున్నాను.

గూళ్ళు ఆ సారి పలుచగానే వచ్చాయి. అది ఏ కాగితంతోనూ మారలేదు. మోటారు బిగించిన పొద్దున మాత్రం నీళ్ళు తోట పై సగానికి ఎక్కాయి. సగంపాలు ఆమె చేతులు చీరకు తుడుచుకుని బిల్లు అడిగి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చింది. ఆమెకు ఏ భాషా చదవడం రాదు.

నేను కాలువ పక్కన నిలబడి కూడబలుక్కుంటూ పైకి చదివాను.

"ఆ తప్పు అనే చోట ఇంకోసారి చదవండి," అంది.

చదివాను.