పేరు లేని కప్పు

ఉప్పల్ మార్కెట్లో స్టీలు సామాన్ల దుకాణం ముందు కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కే లచ్చయ్యకు, ఏది చేతికొచ్చినా ముందు బోర్లించి చూడడం అలవాటు. చాయ్ తాగాక గ్లాసునూ తిప్పి చూస్తాడు. పేరు లేని గిన్నె పెళ్లివాళ్లకు అరువిస్తే ఇక ఇల్లు చేరదని ఆయన నమ్మకం.

మొన్న గీతిక అనే అమ్మాయి పింగాణీ కప్పు తెచ్చి, దాని మీద వాళ్ల అమ్మమ్మ పేరు చెక్కమంది. బోర్లిస్తే అడుగున నీలిరంగులో రెండు కత్తులు, ఒకదాని మీదుగా ఒకటి.

"గిదేంది బిడ్డా?"

"జర్మనీలో మూడొందల ఏళ్ల కిందట ఒక రాజు పెట్టించిన కార్ఖానా గుర్తు, తాతా."

"మరి రాజు పేరేది? పేరు లేకుంటే వాపసెట్లొస్తది?"

"రాజుగారి కప్పు ఎవరెత్తుకెళ్తారు?" అని నవ్విందా పిల్ల.

లచ్చయ్య కప్పును ఎండకెత్తాడు. లోపల పెట్టిన వేళ్ల నీడ బయటికి కనబడింది. చెక్కే మిషన్ ఆపేశాడు. "సూది పెడితే పలుగుతది. గిట్లనే దాసుకో" అని రెండు చేతులతో తిరిగిచ్చాడు.

ఆమె వెళ్లగానే తన స్టీలు గ్లాసు బోర్లించి మిషన్ ఆన్ చేశాడు. చాయ్ బండి నరేందర్ తొంగిచూశాడు.

"ఏందన్నా, ఊరందరికీ పేర్లు రాస్తవ్, నీ గ్లాసుకు కత్తులేంది?"

"రాజులు పేర్లు రాసుకోరు తమ్మీ" అని లచ్చయ్య గ్లాసు చాచాడు.