చాంద్రాయణగుట్ట దూడను ఎవరు చేశారు

ఖుద్సియా బేగం చేసిన మొదటి శిల్పం ఒక కోడిపుంజు. అది శిల్పమని అప్పట్లో ఆమెకే తెలియదు. తండ్రి బాబూమియా వెల్డింగ్ షాపులో కిటికీ చువ్వలు కోయగా మిగిలిన ముక్కలను అతికించి, పగిలిన సోడాసీసా గాజుతో తోక పెట్టి, ఇంటి గేటు మీద నిలబెట్టింది. ఎండ పడితే తోక పచ్చగా మెరిసేది. ఎదురింటి అసలు పుంజుకు అది నచ్చలేదు. పొద్దున్నే గేటెక్కి దాన్ని పొడిచి, ముక్కు నొప్పి పుట్టి, రోజంతా అలిగి కూర్చునేది.

"నువ్వు చేసింది నిజం కోడే బేటా. లేకుంటే దానికి గింత కోపమెందుకొస్తది?" అన్నాడు బాబూమియా. ఆమెకు దొరికిన మొదటి కళావిమర్శ అదే. అంతకంటే మంచిది మళ్ళీ దొరకలేదు.

పెళ్ళయింది, భర్త పోయాడు, ఆడదానికి వెల్డింగేమిటని బంధువులు మూతులు తిప్పారు. ఖుద్సియా నల్లద్దం మొహానికి అడ్డం పెట్టుకుంది కాబట్టి ఆ మూతులు కనిపించలేదు. ఇనుప చువ్వలతో మేకలు చేసింది. లారీ అద్దాల పెంకులతో పావురాలకు రెక్కలు తొడిగింది. ఆ పావురాలు పెద్ద హోటళ్ళ గోడలెక్కాయి. కింద పేర్లు మాత్రం డెకరేషన్ కంపెనీలవి. మన నగరం పద్ధతే అంత. చేతులు కాల్చుకున్న మనిషిని మేస్త్రీ అంటారు, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని ఆర్టిస్టు అంటారు.

యాభై దాటాక ఆమెకు ఒక్కటే కోరిక మిగిలింది. తను చేసిన ఏదో ఒక బొమ్మ కింద తన పేరుండాలి.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద బొమ్మ పెట్టాలంటూ కాంట్రాక్టర్ అమరనాథ్ వచ్చినప్పుడు, డబ్బు సంగతి కంటే ముందు అదే అడిగింది.

"నా పేరు రాస్తరా అన్నా?"

"రాయకుంటే ఎట్లమ్మా" అన్నాడు అమరనాథ్.

ఆమె దూడను చేసింది. ఇనుప చువ్వల ఎముకలు, లాడ్ బజార్‌లో ఏరి తెచ్చిన నల్ల గాజుపూసల కళ్ళు, గోధుమరంగు సీసాల గాజుతో పొట్ట. అవి ఏ సీసాలో బాబూమియా అడగలేదు, ఆమె చెప్పలేదు. గాజు పగలకుండా చుట్టడానికి పక్కింటి పాల శారదమ్మను పాత గోనెసంచులు అడిగింది. శారదమ్మ బర్రె బేబీకి పుట్టిన దూడ ఈమధ్యే జ్వరంతో చచ్చిపోయింది. అది పడుకున్న సంచులే శారదమ్మ ఇచ్చింది. దూడ పోయినప్పటి నుంచి బేబీ పాలు చేపడం మానేసింది.

ప్రారంభోత్సవం నాడు పెద్దసార్లు వచ్చారు, దూడ మెడలో దండ వేశారు, శిలాఫలకం మీది గుడ్డ లాగారు. ఖుద్సియా పైనుంచి కిందికి చదివింది. అన్నీ సార్ల పేర్లే. అన్నిటికంటే కింద 'శిల్పి: అమరనాథ్' అని ఉంది.

"నా పేరేది అన్నా?"

"జాగ సరిపోలేదమ్మా."

"నీ పేరుకు సరిపోయింది గద?"

అమరనాథ్ సార్లకు టీ చెప్పడానికి పోయాడు.

సరిగ్గా అప్పుడే శారదమ్మ బేబీని పశువుల డాక్టరు దగ్గరికి తోలుకుపోతూ అటు వచ్చింది. బేబీ నడిరోడ్డు మీద ఆగింది. ముక్కెత్తి గాలి పీల్చింది. గట్టిగా అరిచి, శారదమ్మ చేతిలో తాడు గుంజుకుని, కుర్చీలు తోసుకుంటూ వెళ్ళి గాజు దూడను నాకడం మొదలుపెట్టింది. సార్లు తలా ఒక దిక్కు లేచారు. బేబీ పొదుగు నుంచి పాలు కారసాగాయి.

ఇదంతా గోనెసంచుల వాసన పని అని ఖుద్సియాకు వెంటనే అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. ఆమె శిల్పానికి ఇంతమంది ముందు ఇంత మర్యాద ఎప్పుడు జరిగింది గనుక.

"ఎవ్వలు గూడ దాన్ని కదిలియ్యకుండ్రి. నా బర్రె చేపింది" అంటూ శారదమ్మ టీకొట్టు గిన్నె ఒకటి అందుకుని అక్కడే గొంతుక్కూర్చుంది.

"నీ దగ్గర నీళ్ళు లేని పాలు ఈ రోజే చూస్తున్న అక్కా" అన్నాడు టీకొట్టాయన.

"గిన్నె ఇచ్చినవు, చాలు. నోరు నీ దగ్గరనే పెట్టుకో."

బర్రెను చూడటానికి ఆటోలు ఆగాయి, ఆటోల వెనక బస్సులు ఆగాయి. ట్రాఫిక్ ఎస్సై మైకు పట్టుకుని వచ్చాడు. "ఎవరయ్యా ఈ దూడను చేసింది?"

జనమంతా ఫలకం చూసి, అమరనాథ్‌ను చూశారు.

"నేను కాదు సార్" అన్నాడు అమరనాథ్. "ఖుద్సియా బేగం చేసింది. చెవుల కాంచి తోక దాకా ఆమెనే. నేను చెయ్యి గూడ పెట్టలే."

ఎస్సై మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "దూడను చేసిన ఖుద్సియా బేగం ఎక్కడున్నా వెంటనే రావాలె."

ఆ పేరు ఫ్లైఓవర్ కింద గింగిరాలు తిరిగింది. బస్సుల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఖుద్సియా ఆయన వెనకే నిలబడి ఉంది. కదల్లేదు.

"నిన్నే పిలుస్తుండ్రు, పో" అంది శారదమ్మ పాలు పిండుతూనే.

"ఇంకోసారి పిలవనీ అక్కా."

ఎస్సై ఈసారి మరింత గట్టిగా పిలిచాడు. అప్పుడు ముందుకు వచ్చింది.

"నేనే సార్. బాబూమియా బిడ్డను."

"బర్రెకు గూడ తేడా తెల్వకుండ చేస్తరా ఎవరన్న?"

"చేసిన సార్. తప్పయితే రాసుకోండ్రి, నేనే చేసిన."

ఎస్సై ఫలకం చూసి అమరనాథ్ వైపు తిరిగాడు. "మరి దీని మీద నీ పేరెందుకున్నదయ్యా? రేపు ఇంకో బర్రె వచ్చి లొల్లి చేస్తే నేనెవర్ని పట్టుకోవాలె? ఆమె పేరు రాయించు."

"అట్లనే సార్. కింద చిన్నగ రాయిస్త."

"చిన్నగ ఎందుకు? బండి మీద కూసుంటే కనవడాలె నాకు."

"ఫోన్ నంబర్ గూడ రాయమనుండ్రి సార్" అంది ఖుద్సియా. "లేకుంటే నేను పారిపోయిననుకుంటరు."