పొద్దుగుంకడం తెలియని లెక్క

సేతో అంటే ఇప్పటికీ నాకు గిట్టదు. వాడు దొంగ కాదు, తాగుబోతు కాదు. జావా దీవిలోని మా సోలో ఊళ్ళో పెళ్ళి శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో, నా పక్క బల్ల దగ్గర కూర్చుని డిజైన్లు చేస్తాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆ మెత్తదనమే నాకు రోత.

ముప్పై దాటాక వాడికి జావాస్క్రిప్ట్ నేర్చుకోవాలన్న కోరిక పుట్టింది. ఫోన్లో పాఠాలు చూస్తూ, చేతి అలవాటు కోసం ఒక చిన్న లైబ్రరీ కట్టడం మొదలుపెట్టాడు. ఒక ఫంక్షన్ పేర్ల మధ్య ఎక్కువైన ఖాళీలు తీసేస్తుంది. ఒకటి రుపియా అంకెల మధ్య చుక్కలు పెడుతుంది. ఇంకొకటి పిలుపుల జాబితాలో రెండుసార్లు పడ్డ అతిథిని ఏరేస్తుంది. ప్రతిదీ నాకు చూపించి మురిసిపోయేవాడు, నేనూ శభాష్ అనేదాన్ని.

చివర్లో వెతోన్, అంటే మా జావా వాళ్ళ పుట్టినరోజు లెక్క, చెప్పే ఫంక్షన్ రాశాడు. పుట్టిన తేదీ ఇస్తే వారమూ, మా పాత అయిదు రోజుల సంతవారంలో దానికి జత పడే రోజూ చెబుతుంది. ఇద్దరి తేదీలిస్తే పెళ్ళి పొంతన కూడా చెప్పేస్తుంది.

"పుట్టిన వేళ అడగవేంట్రా? పొద్దుగుంకాక పుడితే మర్నాటి లెక్క కదా!" అన్నాను.

"తెలుసక్కా. అదీ అడిగితే ఫంక్షన్ పెద్దదైపోతుంది. నేర్చుకోడానికి రాసుకున్నదేగా, ఎవరు చూడొచ్చారు? టెస్టులన్నీ పాసయ్యాయి."

ఆ టెస్టులు రాసిందీ వాడే. తనదీ, తన అన్నదమ్ములదీ పుట్టినరోజులు పెట్టుకున్నాడు. అందరూ పట్టపగలు పుట్టినవాళ్ళే. ప్రశ్నపత్రమూ తనదే, మార్కులూ తనవే.

మా యజమాని అది చూసి ముచ్చటపడి ప్రెస్సు వెబ్ పేజీలో పెట్టించాడు. ఇది ఇంకా పచ్చిదండీ అని సేతో ఒక్క మాట అనొచ్చు. పెద్దవాళ్ళు సంతోషంగా ఉన్నప్పుడు కాదనడం వాడికి చేతకాదు. మా జావా వాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. మర్యాద అని ముద్దుపేరు పెట్టుకున్నాం.

మా చెల్లెలు కినాసికి హనుంగ్ అనే అబ్బాయితో మాటలు పూర్తయ్యాయి. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. పొంతన చూడటమొక్కటే మిగిలింది. హనుంగ్ తల్లి సులస్మి గారు మా పేజీలోనే ఇద్దరి తేదీలూ కొట్టింది. 'పెగాత్' అని వచ్చింది, అంటే విడిపోతారని. సంబంధం వద్దని కబురు పంపింది.

అమ్మ, నేను ఆవిడ ఇంటికి పరుగున వెళ్ళాం.

"పొద్దుగుంకి మగ్రిబ్ నమాజు పిలుపు అయ్యాకే కినాసిని కన్నాను వదినా. దానిది మంగళవారం కాదు, బుధవారం, సంతరోజు వగే. పుట్టిన దగ్గర్నుంచీ ముప్పై అయిదు రోజులకోసారి వచ్చే ప్రతి వెతోన్‌కీ ఎర్రజావ, తెల్లజావ కాచి పంచుతున్నాను, నాకు తెలీదా?" అంది అమ్మ.

"కంప్యూటర్ ఎందుకబద్ధమాడుతుంది వదినా? పిల్ల పెళ్ళి కోసం ఏ తల్లయినా ఒక రోజు అటూ ఇటూ జరుపుతుంది," అంది సులస్మి గారు, నవ్వుతూ టీ పోస్తూ.

అమ్మ దారి పొడుగునా ఏడ్చింది. మర్నాడు నేను సేతోని రెక్క పట్టుకుని ఆవిడ దగ్గరికి లాక్కెళ్ళాను. నీ నోటితో చెప్పరా అంటే, తప్పకుండా చెప్తానక్కా అన్నాడు. టీ తాగాడు. వేయించిన అరటిపండు తిన్నాడు. వానలు ఆలస్యమయ్యాయన్నాడు. మోచేత్తో పొడిచాను.

"ఆ లెక్క ఇంకొంచెం మెరుగుపరచొచ్చండీ," అన్నాడు.

"ఇప్పుడే ఎంతో బావుంది నాయనా!"

"సంతోషమండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. "వాడి లెక్క తప్పండీ! పుట్టిన వేళ అడగటం లేదది," అని అరిచాను.

ఆవిడ వాడి వైపు తిరిగింది. "తప్పా బాబూ?"

సేతో నేల చూపులు చూశాడు. "తప్పని కాదండీ... అలా అనలేం..."

ఆ టీ గ్లాసు వాడి నెత్తిన పగలగొట్టాలనిపించింది. మా చెల్లెలి బతుకు వాడి నాలుక చివర ఉంది, వాడు దాన్ని అరటిపండుతోపాటు మింగేశాడు.

కొన్నాళ్ళకు హనుంగ్ శుభలేఖ మా ప్రెస్సుకే వచ్చింది. పెళ్ళికూతురు పక్కనున్న క్లాటెన్ ఊరి పిల్ల. తప్పులు దిద్దే పని నాదే కాబట్టి నమూనా నా బల్ల మీదికే చేరింది. అక్షరం అక్షరం చదివి, తప్పుల్లేవని సంతకం పెట్టాను.

అంతలో సేతో తన కుర్చీ నా వైపు జరిపాడు. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, వేళ కూడా కలిపేశాను. చూడు, మీ చెల్లిదీ హనుంగ్‌దీ కొట్టాను. 'రాతు' వచ్చింది! రాజారాణీల్లా ఉంటారట. నువ్వన్నదే నిజం."

"ఇప్పుడిది ఎవరికి చూపిస్తావురా?" అన్నాను.

"యజమానికి చూపించాలక్కా. కొత్త వెర్షన్ కదా," అన్నాడు.