నల్లగా వచ్చిన మడి

విజయవాడ వన్ టౌన్‌లో రిపేరు షాపాయన నా పాత డిజిటల్ కెమెరా పొట్ట విప్పాడు. సెన్సర్ ముందున్న గాజు పలకను పెకలించి, పరారుణ కాంతిని మాత్రమే రానిచ్చే పలక బిగించాడు. అది మన కంటికి ఆనని వెలుగు.

"ప్రాణమున్న ఆకు తెల్లగా వస్తుందండి, చచ్చింది నల్లబడుద్ది. మిట్టమధ్యాహ్నం తీయండి, అదిరిపోద్ది" అన్నాడు. ఇంకేదో చెప్పబోతుంటే వినకుండా వచ్చేశాను. నాకు తొందరెక్కువ, ఓపిక తక్కువ.

మర్నాడే చల్లపల్లి దగ్గరున్న మావయ్య ఊరికి వెళ్లాను. నాట్లు వేసి పది రోజులైంది. కాలువ నీళ్లు వంతుల మీద వదులుతున్నారు. మావయ్య వంతుకు ఇంకా నాలుగు రోజులుంది, చేను నెర్రెలు విచ్చుతోంది. గట్టవతలి రైతుతో ఆయనకు మాటల్లేవు. కిందటేడు గట్టు చెక్కాడని కొట్టుకున్నారు. విడదీయబోయిన నా చెంప ఆ రైతు ఛెళ్లుమనిపించాడు. ఆ కసి నాలో అలాగే ఉంది.

కాలువ గట్టు మీద నుంచే ఫొటో తీశాను. చేనంతా తెల్లగా వచ్చింది. ఆ రైతు గట్టును ఆనుకున్న మూల మాత్రం మసి పూసినట్టు నల్లగా ఉంది. నడిచి వెళ్లి చూస్తే తేలిపోయేది. ఎండ మండుతోందని వెళ్లలేదు. ఇంటికొచ్చి మావయ్యకు చూపించాను.

"నల్లగా ఉంటే ఏంటంట?"

"చచ్చినట్టు మావయ్యా. గడ్డిమందు కొట్టుంటాడు."

ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో!

మావయ్య పార తీసుకుని పరిగెత్తాడు, వెనకే నేనూ. ఆ రైతు గట్టు మీదే ఉన్నాడు. "నా పొలం చంపుతావా!" అంటూ మావయ్య మొదటి దెబ్బ వేశాడు. అడ్డం పెట్టిన చెయ్యి ఫట్‌మని విరిగింది, ఆ చప్పుడు నాకు వినపడింది. రెండో దెబ్బ నెత్తిన పడింది. మనిషి మా మడిలోకి బోర్లాపడ్డాడు. ఆ క్షణం నాకు సంతోషమే వేసింది. సిగ్గుచేటే, కానీ అబద్ధమాడను.

మూడో దెబ్బకు పార లేచేసరికి భయమేసి మడిలోకి దూకాను. చీలమండల దాకా నీళ్లు. నల్లగా కనబడ్డ మూల ఇదే. నాట్లు పచ్చగా, నిటారుగా ఉన్నాయి. నీళ్లు ఆ వెలుగును మింగేస్తాయని, ఫొటోలో నల్లగా వస్తాయని నాకప్పుడు తట్టింది. "కొట్టకు మావయ్యా, ఇవి నీళ్లు!" అని అరిచాను. నా కాళ్ల చుట్టూ ఆ నీళ్లు ఎర్రబడుతున్నాయి. పక్కనే గట్టుకు మడవ, నీళ్లు పారే గండి, తీసి ఉంది. ఆ రైతు తన వంతు రోజున తన నీళ్లు మా చేలోకి వదిలాడు.

ఆసుపత్రిలో ఆ రైతు నెత్తిన కుట్లు పడ్డాయి. కుడిచెయ్యి ఇక పార పట్టదని డాక్టరు తేల్చేశాడు. సాయంత్రం మంచం పక్కన నిలబడి, ఫొటో తీసింది నేనేనని, మందు కొట్టారని చెప్పిందీ నేనేనని ఒప్పుకున్నాను. కొట్టండి, తిట్టండి అన్నాను. ఆయన తల నా వైపు తిప్పాడు.

"మాటల్లేకపోతే మాత్రం నాటు ఎండుతుంటే చూస్తా ఊరుకుంటామా? అది సరేగానీ అబ్బాయ్, ఆ మడవ ఎవరన్నా కట్టారా? కట్టకపోతే మీ నాటంతా మునిగిపోద్ది."

ఎవరూ కట్టలేదు.