నానమ్మ తుమ్మిన తుమ్ము

నా చిన్నప్పుడు మేము సింగపూర్‌లో, హౌగాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. సాఫ్ట్‌వేర్ పని మీద అక్కడికి వచ్చిన మా నాన్న, ఏం ఆలోచించుకున్నాడో గానీ, దేవుడు లేడని ఒకరోజు తేల్చేశాడు. శనివారం ఉపవాసాలు, మొక్కులు అన్నీ మానేశాడు. పూజంతా నానమ్మకు అప్పజెప్పాడు. తుమ్మును మాత్రం వదల్లేకపోయాడు మహానుభావుడు! బయల్దేరేటప్పుడు ఎవరైనా ఒక్కసారి తుమ్మితే వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగాల్సిందే. వెంటనే రెండోది, ఎవరిదైనా సరే, పడితే మాత్రం దోషం లేదట.

ఆ ఏడు నాన్న పనిచేసే కంపెనీ మూతపడింది. వేరే ఉద్యోగం దొరక్కపోతే అక్కడ ఉండనిచ్చే పాసు రద్దవుతుంది, మేమంతా సామాను సర్దుకోవాలి. నా బడి, నా స్నేహితులు అన్నీ పోతాయని నాకు ఒకటే దిగులు. అంతలో సైన్స్ పార్క్‌లోని ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. నాన్న టై కట్టుకుని గుమ్మం దాటబోతుంటే, వంటింట్లో అమ్మ పోపులో ఎండుమిరపకాయలు వేసింది. ఆ ఘాటుకి నేను తుమ్మాను. ఒక్కటే!

నాన్న వచ్చి కూర్చున్నాడు. నీళ్లు తాగి లేచాడు. మళ్లీ తుమ్మాను, మళ్లీ ఒక్కటే. "సారీ నాన్నా, ఆగట్లేదు లా" అన్నాను ఏడుపు గొంతుతో, బడిలో అబ్బిన సింగపూర్ యాసలో. బస్సు వెళ్లిపోతుందని అమ్మ గరిటె పట్టుకుని గోల పెడుతోంది.

"దేవుడే లేడంటివి కదరా, మరి ఈ తుమ్మును పంపేదెవరు?" అంది జపమాల తిప్పుతూ నానమ్మ.

"ఎవరూ పంపరమ్మా. అయినా ఎందుకొచ్చిన గొడవ" అంటూ ఇంకో గ్లాసు తాగి, భయంభయంగా లేచాడు నాన్న. నేను మళ్లీ తుమ్మాను. ఆ వెంటనే నానమ్మ ఇల్లదిరిపోయేలా తుమ్మింది. "రెండు పడ్డాయి!" అన్నాడు నాన్న, మొహం వెలిగిపోతుంటే. ఒక్క పరుగున వెళ్లిపోయాడు.

అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చారట. సాయంత్రం వస్తూనే "నీ తుమ్ము చలవేనమ్మా" అన్నాడు.

"నేనెక్కడ తుమ్మానురా? ఉత్తుత్తినే అరిచాను. నువ్వెళ్లింది ఒంటి తుమ్ము మీదే" అంది నానమ్మ.

నాన్న టై లాగేసి కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మర్నాడు నేను తుమ్మితే గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించి, చెయ్యూపి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. దేవుడి మీద నమ్మకం నాకూ నిలవలేదు గానీ, పాడు భయాలు ఇంకా అప్పుడప్పుడు గుమ్మం దగ్గర అడ్డం పడతాయి. అప్పుడు నానమ్మను తలుచుకుని, గట్టిగా ఒక దొంగ తుమ్ము తుమ్మి, చెప్పులేసుకుని బయల్దేరిపోతాను.