పైన ఎవరికీ రుచి తెలియదు

మా బావ వంటవాడు. అలాగని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. కొండలెక్కేవాళ్ళ వెంట వెళ్ళి మంచులో వండిపెట్టడం అందరికీ చేతనవుతుందా అనేవాడు. ఆ యాత్రలు నడిపే ఆఫీసులోనే నేను తాళ్ళూ గుడారాలూ సర్దేవాణ్ణి. ఆయన కోతలు వినడం నా ఉద్యోగంలో సగం. "జనం శిఖరం ఎక్కేది నా సూప్ తాగి రా, నీ తాడు పట్టుకుని కాదు" అనేవాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో మా అక్కను పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

కిందటి చలికాలం ఆయనకు జ్వరం వచ్చింది. పోతూ పోతూ రుచినీ వాసననీ పట్టుకుపోయింది. డాక్టరు మొదట "వస్తాయి" అన్నాడు, తర్వాత "రావచ్చు" అన్నాడు, ఆ తర్వాత మాట మార్చి బీపీ చూశాడు. బావ ఇంట్లో వండటం మానేశాడు. పెట్టింది తిని, చుట్టం లాగా లేచిపోయేవాడు. ఈ సంగతి అక్కకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆఫీసులో తెలిస్తే ఇక కొండ లేదు. కొండ లేకపోతే ఆ మనిషి ఏమైపోతాడోనని మా భయం.

అంతలో హిమాలయాల్లో ఒక శిఖరానికి యాత్ర ఖాయమైంది. చాలా ఎత్తయినదే గానీ, గైడు వెంట ఉంటే కొత్తవాళ్ళు కూడా ఎక్కగలిగేది. మేం గైడమ్మ అని పిలుచుకునే ఆవిడ బల్ల మీద మ్యాపు పరిచి, క్యాంపులు ఎక్కడెక్కడో గుర్తులు పెడుతూ వంట దగ్గరికొచ్చింది.

"పై క్యాంపులో మరీ కష్టపడకండి అన్నయ్యా. అంత ఎత్తులో ఎవరికీ రుచి తెలీదు. ఏం పెట్టినా అట్టముక్కే."

ఆ మాట బావ నెత్తిన పాలు పోసింది. ఇంటికొచ్చి, "విన్నావా? అక్కడ అందరూ నాలాంటివాళ్ళేనట!" అని అక్కతో అన్నాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు. అక్క ఏడ్చేసింది.

ఇక మిగిలింది పరీక్ష వంట. ఆఫీసు వెనక గుడారం వేసి, వెంట తీసుకెళ్ళే స్టవ్వు మీదే వండి చూపించాలి. అక్క ఉప్పూ మిరియాలూ ముందే కొలిచి పొట్లం కట్టింది. "మొత్తం వేసెయ్యండి. గొప్పలకి పోయి చెయ్యి పెట్టకండి" అంది.

ఆ రోజు ఈదురుగాలి. గుడారం గుడ్డ టపటపా కొట్టుకుంటుంటే బావా, గైడమ్మా, నేనూ లోపల చేరి జిప్పు వేసేశాం. బావ స్టవ్వుకి గొట్టం బిగించి, వాల్వు తిప్పి, గిన్నె వెతుక్కుంటున్నాడు. గుప్పుమని గ్యాసు వాసన కొట్టింది. గైడమ్మ తలెత్తింది. బావ ఈల వేసుకుంటూ అగ్గిపెట్టె తీశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అన్నయ్యా, వద్దు!" ఆవిడ ఆయన చేతి మీద కొట్టింది. నేను జిప్పు లాగేశాను.

బయట గడ్డి మీద కూర్చున్నాక, "ఎప్పట్నుంచి?" అని అడిగింది. బావ దాచలేదు.

"పైన అందరికీ పోతుందన్నారుగా" అన్నాడు, బతిమాలుతున్నట్టు.

"రుచి పోతే పర్లేదు అన్నయ్యా. కానీ ఆ గుడారంలో మనుషులు పడుకుంటారు."

బావ లేచి నిలబడ్డాడు. "నన్ను తీసుకెళ్ళకండి" అన్నాడు. ఆవిడ అనకముందే తనే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. "ఉప్పు సరిపోయిందా?" అంది. బావ లోపలికి వెళ్ళిపోయాడు. జరిగింది నేనే చెప్పాను. అక్క నుదురు కొట్టుకుంది.

"నాలుక అరువిచ్చాను గానీ, ముక్కు సంగతి తట్టలేదురా నాకు."

యాత్ర వెళ్ళిపోయింది, వేరే వంటవాడితో. బావ ఇప్పుడు ఇంట్లో కూరగాయలు తరుగుతాడు, వెనకటిలాగే సన్నగా, చకచకా. తరిగినవన్నీ పొయ్యి పక్కన పెట్టి, అక్కను పిలిచి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడతాడు. అగ్గిపెట్టె అక్క దగ్గరే ఉంటుంది.